ఊడాల్సిన కుట్టు

ఆమె నన్ను మొదటిసారి కొట్టింది కొలతల టేపుతో. రెండోసారి చెక్క స్కేలుతో. మూడోసారి చేతికి ఏది దొరికిందో చూడలేదు కానీ అది ఇత్తడిది. ఎడమ మోచేతి మీద దాని గుర్తు ఇప్పటికీ ఉంది. మూడింటికీ కారణాలున్నాయి. టేపు దెబ్బ, "ఆంటీ" అని పిలిచినందుకు. స్కేలు దెబ్బ, ఆమె బట్టలు కోసే కత్తెరతో కాగితం కోసినందుకు. ఇత్తడి దెబ్బ, తిరగని పళ్లచక్రాన్ని పావడా మీద ఎందుకు కుట్టాలని అడిగినందుకు.

పోయిన నెల ఆమె చనిపోయింది. సమాధుల తోటలో అందరూ ఆమె గురించి మెల్లగా, మెత్తగా మాట్లాడారు. ప్రేమమూర్తి అన్నారు, శాంతస్వరూపి అన్నారు. నేను మోచెయ్యి తడుముకుంటూ నిలబడ్డాను. వాళ్లు చెబుతున్న మనిషి నాకు తెలియదు. నాకు తెలిసిన మనిషిని రాసిపెట్టాలనిపించింది.

అబిడ్స్‌లో పోస్టాఫీసు వెనక సందులో ఒక పాత బిల్డింగు. కింద గడియారాలు బాగుచేసే తాత, ఆయన పక్కన జిరాక్స్ షాపు. మొదటి అంతస్తులో కళ్లద్దాల దుకాణం. రెండో అంతస్తులో ఆమె గది. నాటకాల బట్టలు కుట్టి అద్దెకిచ్చేది. స్కూలు వార్షికోత్సవాలకు రాజుల అంగీలు, చర్చీల్లో క్రిస్మస్ నాటకాలకు దేవదూతల రెక్కలు, గొర్రెల కాపరుల గొంగళ్లు. గదిలో నడవాలంటే రెక్కలను పక్కకు తోసుకుంటూ నడవాలి. కిటికీ దగ్గర కుట్టుమిషను. మిషను మీద ఎప్పుడూ ఒక కప్పు చాయ్, దాని మీద ఒక సాసరు.

యాభై దాటిన మనిషి. ఎడమ కాలు ఈడ్చి నడిచేది. నడుము దాటి కిందికి దిగే జడ. తాడులాగా లావుగా, నూనెతో నల్లగా మెరుస్తూ ఉండేది. ఆ జడను ఎవరూ ముట్టుకోకూడదు. కొలతలు తీసుకునేటప్పుడు దాన్ని రెండు చుట్లు చుట్టి మెడలో వేసుకునేది. "నాకు ఆస్తి గిదొక్కటే" అనేది. బిల్డింగులో అందరికీ ఆమె మేడమ్. మెదక్ వైపు మిషన్ స్కూల్లో కుట్టుపని నేర్పేదట, అందుకని.

నేను మెకానికల్ మూడో సంవత్సరంలో ఉండగా మా కాలేజీ ఫెస్టులో ఫ్యాషన్ షో పెట్టారు. దాని బాధ్యత నా క్లాస్‌మేట్ శిరీషది. నాంపల్లిలో ఒక ఇంటర్నెట్ సెంటర్లో ఏవో బొమ్మలు చూసి ఆ అమ్మాయి స్టీమ్‌పంక్ అనే మాట పట్టుకొచ్చింది. ఆవిరి యంత్రాల కాలంనాటి దొరసానుల బట్టలు, వాటి మీద ఇత్తడి చక్రాలు, తోలు పట్టీలు, గొలుసులు. కరెంటు అనేది రాకుండా లోకమంతా ఆవిరితోనే నడిచి ఉంటే ఆడవాళ్లు ఎలాంటి పావడాలు వేసుకునేవాళ్లో, అలాంటివి. తనతో కలిపి ఆరుగురు అమ్మాయిలకు ఆరు పావడాలు కావాలి. ఇనుమూ ఇత్తడీ చూసుకోవడానికి నన్ను వెంట తీసుకెళ్లింది.

మేడమ్ ఆ బొమ్మల కాగితాలను కిటికీ వెలుతురులో చాలాసేపు చూసింది.

"గిది బట్టనా, బాయిలరా?" అంది.

"రెండూ మేడమ్" అంది శిరీష.

"ఔ. రైలింజన్ పావడ." ఆ క్షణం నుంచి వాటికి అదే పేరు.

పావడాకు గుడ్డ ఎంచుకోవడం ఆమెకు కంటితో చేసే పని కాదు. అఫ్జల్‌గంజ్ వైపు దుకాణాల నుంచి తెచ్చిన గుడ్డలను ఒక్కొక్కటి నాలుగు మడతలు వేసి, చివర పట్టుకుని, దర్వాజా చెక్క మీద బలం కొద్దీ బాదేది. కింద గడియారాల తాత పైకి చూసి తిట్టేవాడు.

"చప్పుడు విన్నవా?"

"విన్నాను మేడమ్."

"ఎట్లుంది?"

"ధబ్ అంది."

"గట్లనే అనాలె. సన్నగుడ్డ ఫట్ అంటది, చెంపదెబ్బ లెక్క. రైలింజన్ పావడ గుద్దు లెక్క ఉండాలె."

గుద్దులాగా వినిపించిన గుడ్డ ఒక్కటే. సోఫాలకు వేసే ముతక గుడ్డ. దాని రంగు ఆమెకు నచ్చలేదు. చాయ్‌పత్తా మరిగించి, అందులో తుప్పుపట్టిన మేకులు వేసి, గుడ్డను రెండు రోజులు నానబెట్టింది. చాయ్‌లోని వగరు ఇనుముతో కలిస్తే నలుపెక్కుతుందని నేను చెప్పబోయాను. "నాకు ఎందుకైతదో వద్దు, అయితదా కాదా గది చాలు" అంది. అయింది. ఇంజన్ పొగ పట్టిన గోడ రంగు వచ్చింది.

కుట్టు రూపానికి ఆమె నియమాలు ఆమెవే. ముందువైపు మోకాలు కనిపించాలి, వెనక మడమ కప్పాలి. ముందు అంచును ఎత్తి పట్టడానికి రెండు తోలు పట్టీలు, వాటికి స్కూలు సంచుల బకిల్సు. రెండు పట్టీలూ ఒకే ఎత్తులో ఉండకూడదు, ఎడమది పైకి ఉండాలి. "బస్సెక్కేటప్పుడు ఫస్టు లేచేది ఎడమ కాలే." వెనక నడుము కింద ఒక మూట, పాత బస్సు సీటులోని కొబ్బరి పీచుతో. ఆ మూట మీద నుంచి నేల దాకా కుచ్చిళ్లు కుచ్చిళ్లుగా జారే భాగానికి తోక అని పేరు. లోపల తప్పనిసరిగా మోకాళ్లు దాటిన బిగుతు లాగు. లాగు వద్దన్న అమ్మాయికి పావడా లేదు.

చక్రాల దగ్గర మా ఇద్దరికీ పడలేదు. గడియారాల తాత పారేసే డబ్బాలోంచి నేను పళ్లచక్రాలు ఏరుకొచ్చాను. ఒకదాని పళ్లు ఒకదానిలో పడి నిజంగా తిరిగేలా నడుము మీద బిగిద్దామన్నాను. లేకపోతే అవి ఎందుకని అడిగాను. మోచేతి దెబ్బ అప్పటిదే.

"ఓ ఇంజినీరు, గడియారం నీ చేతికి ఉంది గద. చక్రం తిరిగితే పోరి పావడ నమిలిపెడ్తది. మూడే కుట్టు. ఎడమ తుంటి మీద. పెద్దది కింద, చిన్నది మీద. సరి సంఖ్య పెడితే బటన్ల లెక్క కనిపిస్తయ్."

అన్నిట్లోనూ ఆమె మాటే నెగ్గిందని కాదు. చక్రాల పళ్లు పదునుగా ఉండి పావడా గుడ్డను చింపేస్తున్నాయని చెప్పి, ప్రతి పన్నునూ ఆకురాయితో అరగదీశాను. మర్నాడు ఆమె ఇంకో డబ్బా చక్రాలు నా ముందు పెట్టింది. అద్దం ఉన్న ఒక పాత ప్రెషర్ మీటరును నడుముకు కట్టి తీరాలని పట్టుబట్టింది. వద్దన్నాను. మొదటి అమ్మాయి వంగగానే అది కడుపులో గుచ్చుకుని అరిచింది. మేడమ్ ఆ మీటరును కిటికీలోంచి కిందికి విసిరేసింది. కింద ఎవరి తల మీదా పడకపోవడం వాళ్ల అదృష్టం.

బకిల్సు కొనడానికి ఒకరోజు ముగ్గురం నాంపల్లి స్టేషన్ రోడ్డులో నడుస్తున్నాం. ఎదురుగా వస్తున్నవాడు కావాలనే శిరీషను రాసుకుంటూ పోయాడు. శిరీష ఇంకా పక్కకు జరగనే లేదు, కాలు ఈడ్చే ఆ మనిషి రెండు అంగల్లో వాణ్ని అందుకుని, కాలరు పట్టుకుని, మూసి ఉన్న దుకాణం షట్టరుకేసి మొహం కొట్టింది. ఒకసారి కాదు. షట్టరు మోగుతూనే ఉంది. వాడి పెదవి చిట్లి గడ్డం మీదికి నెత్తురు కారింది. కాలరు ఆమె చేతిలో ఉండగానే వాడు చొక్కాలోంచి జారి, బనీనుతో పరిగెత్తాడు.

ఆమె చేతిలో మిగిలిన చొక్కాను చూసి తల ఆడించింది. "చూసిన్రా? గట్ల ఇచ్చేసి ఉరకాలె. దొంగ నా కొడుకుకున్న తెలివి మన పోరిలకు లేదు." చొక్కాను మోరీలో పడేసి, చేతులు దులుపుకుని, "బకిల్సు పెద్దయి తీస్కుందాం, చిన్నయి దూరం నుంచి కానరావు" అంటూ నడిచింది.

ఇచ్చేసి ఉరకాలన్న మాట అర్థమయింది కొలతలు సరిచూసే రోజున. శిరీష కొత్త పావడాతో అద్దం ముందు నిలబడి అటూ ఇటూ తిరుగుతోంది. మేడమ్ చప్పుడు లేకుండా వెనకకు వచ్చి, తోకను రెండు చేతులా పట్టుకుని, పాదం గోడకు తన్నిపెట్టి గుంజింది. శిరీష ముందుకు తూలి దేవదూతల రెక్కల్లో పడింది. తోక మొత్తం, మూటతో సహా, మేడమ్ చేతిలో ఉంది. బిగుతు లాగుతో, సగం పావడాతో శిరీష లేచింది. కళ్లలో నీళ్లు.

"ఏంటి మేడమ్ ఇది! స్టేజీ మీద ఇలా ఊడితే నా పరువేం కావాలి?"

"నడిస్తే ఊడదు. ఎగిరితే ఊడదు. గుంజితేనే ఊడ్తది."

బియ్యం బస్తా మూతి కుట్టు అందరికీ తెలిసిందే. సరైన కొస దొరికితే ఒక్క లాగుకు దారమంతా సర్రున వచ్చేస్తుంది. కొస దొరక్కపోతే కత్తితో కోసుకోవాల్సిందే. ఆమె తోకను నడుంపట్టీకి ఆ కుట్టుతోనే కుట్టేది. దారం కొసను తోకకే ముడివేసేది. తోక బరువును రెండు చిన్న కొక్కేలు మోస్తాయి, కాబట్టి నడకలో దారం మీద ఏమీ పడదు. వెనక నుంచి ఎవరైనా గట్టిగా గుంజితే కొక్కేలు వంగుతాయి, దారం జారుతుంది, తోక వాళ్ల చేతికి వెళ్తుంది. మనిషి మిగులుతుంది. యంత్రాల్లో కూడా ఇలాంటిది ఒకటి ఉంటుంది. బరువు మితిమీరితే ముందుగా విరగడానికని కావాలనే బలహీనంగా పెట్టే చిన్న పిన్ను. అది విరిగి యంత్రాన్ని కాపాడుతుంది. ఆ సంగతి చెప్పాను. ఈసారి కొట్టలేదు. "దాని పేరేంది?" అని అడిగింది. షియర్ పిన్ను అన్నాను. రెండుసార్లు పలికి చూసుకుంది.

ఆ రోజే, చాయ్ తాగుతూ, స్టేషన్ సంగతి చెప్పింది. గొంతు పెంచలేదు, తగ్గించలేదు.

తొంభైల మొదట్లో భర్తను వదిలేసి కాజీపేటలో అక్క దగ్గరికి వెళ్లిపోదామని నాంపల్లిలో బండి ఎక్కింది. అప్పటికి ఆయన చేతిలో ఆమెకు ఒక పక్కటెముకా రెండు పళ్లూ పోయాయి. బండి కదిలింది. ఆమె ఇంకా ఫుట్‌బోర్డు మీదే ఉంది. అతను ప్లాట్‌ఫారం మీద ఉరుకుతూ వచ్చి వెనక నుంచి పావడా పట్టుకున్నాడు.

"నేనే కుట్టుకున్న పావడ. ఖాకీ గుడ్డ. డబల్ కుట్టు మీద ఇంకో కుట్టు ఏసిన, ఏండ్లకేండ్లు ఉండాలెనని. గుంజిండు. గుడ్డ చినగలే. కుట్టు తెగలే. నేనే వచ్చిన."

తుంటి ఎముక విరిగింది. పాదం మెట్టుకూ ప్లాట్‌ఫారానికీ మధ్య పడింది.

"గాడ పడి ఉండి ఏం చూసిన్నో ఎరుకనా? కుట్టు చూసుకున్న. ఒక్క పోగు లేవలే. బడిల పిల్లలకు చెప్పినట్టు నాకు నేనే చెప్పుకున్న, ఎంత మంచిగ కుట్టినవే సన్నాసిదానా అని."

దవాఖాన నుంచి ఇంటికి వెళ్లలేదు. చర్చివాళ్ల సాయంతో ఈ గది అద్దెకు తీసుకుంది. కొన్నేళ్లకొకసారి అతను వచ్చేవాడట. ఒకసారి మిషను పగలగొట్టాడు. ఇంకోసారి ఈ మెట్ల మీద నుంచి కొంగు పట్టి కింది దాకా ఈడ్చాడు. జిరాక్స్ అతను అడ్డుపడబట్టి అక్కడ ఆగింది. పోతూ పోతూ మళ్లీ వస్తానని చెప్పాడు. చీర మానేసింది అప్పుడే. అప్పటి నుంచి రాణి పావడా అయినా, గొల్లభామ పావడా అయినా, ఆమె కుట్టిన ప్రతిదానికీ ఊడే తోకే. "రానీ. గుంజనీ. ఈ మెట్లు మళ్ల ఈడ్పించుకుంట దిగ. దిగితే నా కాళ్ల మీద దిగుత." ఆమె కోరుకున్నది అంతే. వాడు రావడం ఖాయం. ఆ మెట్లు ఎలా దిగాలన్నదే తేలాల్సింది.

ఆఖరి రోజు ఐదు పావడాలు మూటకట్టాం. ఆరో అమ్మాయి కొలతకు రాలేదు. ఆమె ఎత్తూ మేడమ్ ఎత్తూ ఒకటే. శిరీష బతిమాలితే మేడమే ఆ పావడా తొడుక్కుంది. నల్లటి గోధుమరంగు, ఎడమ మోకాలి పైకి లేచిన పట్టీ, తుంటి మీద మూడు చక్రాలు, నడుముకు గొలుసుతో వేలాడే పెద్ద కత్తెర. సరదాకి శిరీష ఒక చిన్న అలారం చక్రాన్ని జడ కొసకు కట్టింది. ఎవరినీ ముట్టనివ్వని జడను ఆ రోజు ముట్టనిచ్చింది. అద్దంలో చూసుకుని, కాలు ఈడ్చుకుంటూ రెక్కల మధ్య ఒక చుట్టు నడిచింది. ఆ ఈడ్పుకు తోక ఒక పక్కకు ఊగి, నడక అలాగే ఉండాలేమో అన్నట్టు కనిపించింది.

"డ్రైవర్ లెక్కున్ననా, ఇంజన్ లెక్కున్ననా?" అంది.

"యాక్సిడెంట్ లెక్క ఉన్నవ్" అన్నారు తలుపు దగ్గర నుంచి.

పొట్టిగా, ఇస్త్రీ చొక్కాలో, తల నున్నగా దువ్వుకుని ఉన్నాడు. తాగిన వాసన లేదు. గొంతు కూడా మెత్తగానే ఉంది.

"ముసల్దానివైతున్నవ్, సిగ్గు లేదే? ఏందీ వేషం? నడువు ఇంటికి."

"ఇల్లు గిదే. నువ్వు నడువు."

చెంప మీద కొట్టాడు. గుడ్డలకు ఆమె చెప్పిన తేడా అక్కడ వినపడింది. మొదటిది ఫట్. రెండోది పిడికిలి. ఆమె ముక్కులోంచి నెత్తురు వచ్చింది. నేను మధ్యలోకి వెళ్లాను. మోకాలు నా కడుపులో దిగింది. మిషను కాలి మీద పడ్డాను. కాసేపు ఊపిరి అందలేదు. శిరీష కిటికీలోంచి "తాతా! ఎవరైనా రండి!" అని అరుస్తోంది.

అప్పుడు మేడమ్ చేసిన పని శిరీషకూ నాకూ మాత్రమే అర్థమయింది. అతనికి వీపు చూపించి నిలబడింది. కావాలనే. తోక సరిగ్గా అతని చేతికందేలా. ఏళ్లుగా కుడుతున్న కుట్టును అతని ముందు పెట్టింది. గుంజు, అన్నట్టు.

అతను జడ పట్టుకున్నాడు.

పిడికిలికి రెండు చుట్లు చుట్టుకున్నాడు. ఆమె తల వెనక్కి విరిగి మొహం పైకప్పు వైపు తిరిగింది. అలాగే వెనక్కి నడిపిస్తూ గడప దాటించి మెట్ల మీదికి లాగాడు. అతను రెండు మెట్లు దిగాడు, వెనక్కి వాలి, పడవను గట్టుకు లాగేవాడిలా. ఆమె ఒక చేత్తో దర్వాజా పట్టుకుంది. ఆ వేళ్లు ఒక్కొక్కటే జారడం నేను కింద పడి ఉండి చూశాను. కత్తెర గొలుసు చివర ఊగుతోంది.

"పొడవండి మేడమ్!" శిరీష అరిచింది. "పొడవండి!"

ఆమె కుడిచేత్తో కత్తెర అందుకుంది. అతను చూశాడు. చూసి ఇంకా గట్టిగా వెనక్కి వాలాడు, పొడవడానికి అందకుండా. ఆమె కత్తెరను తల వెనక్కి తీసుకెళ్లి జడ మొదట్లో పెట్టింది. ఒక్క కోతకు తెగలేదు. లావు జడ. ముతక గుడ్డ కోసినప్పటి చప్పుడే. కరకర, మళ్లీ కరకర. మూడో కోతకు తెగింది.

మెట్ల మీద అతను పడ్డ చప్పుడు చాలాసేపు వచ్చింది. మధ్య మలుపులో ఇనుప కటకటాలకు తల తగిలి ఆగాడు. భుజం ఉండకూడని చోట ఉంది. చెవి పక్క నుంచి నెత్తురు మెట్టు మీదికి, దాని మీద నుంచి కింది మెట్టు మీదికి దిగుతోంది. జడ ఇంకా పిడికిలికి చుట్టే ఉంది. దాని కొసన ఉన్న ఇత్తడి చక్రం ఊడి, ఒక్కో మెట్టూ దిగుతూ, గడియారాల తాత కాళ్ల దగ్గర ఆగింది.

కింద నుంచి జిరాక్స్ అతనూ, కళ్లద్దాల దుకాణం వాళ్లూ వచ్చి, పడి ఉన్నవాణ్ని తన్నడం మొదలుపెట్టారు. ఆమె కాసేపు తన్ననిచ్చింది. ఆ సంగతి దాచడం ఎందుకు. తర్వాత, "చాలు. ఇగ ఆపుండ్రి, మెట్లు ఖరాబైతున్నయ్" అంది.

అతను మూలుగుతూ కళ్లు తెరిచాడు. ఆమె పై మెట్టు మీద నుంచి కిందికి వంగింది.

"ఉంచుకో" అంది. "గుంజింది నీదే."

తర్వాత దర్వాజాకు ఆనుకుని కూచుంది. మెడ వెనక చెయ్యి పెట్టి, లేని బరువును వెతుక్కుంది. ఏడుస్తుందనుకున్నాం. వెనక్కి తిరిగి, పావడా తోకను ఒడిలోకి లాక్కుని, కుట్టును వేలితో తడిమింది.

"చూడు బిడ్డా. ముట్టనే లే సన్నాసి. ఇన్నేండ్ల కుట్టు, కనీసం ముట్టనే లే."

శిరీషకు నవ్వు వచ్చింది. ఆమెకూ వచ్చింది. నెత్తురు కారే ముక్కుతో, చెవుల దగ్గర చెల్లాచెదురుగా తెగిన జుట్టుతో, రైలింజన్ పావడాలో కూచుని ఆమె నవ్విన నవ్వుకు కింద జనం నోరు తెరిచి చూశారు. లేచి, గోడ పట్టుకుని, ఈడ్చే కాలు ముందు పెట్టి, ఆ మెట్లన్నీ దిగింది. మలుపు దగ్గర అతని మీద నుంచి పావడా అంచు ఎత్తి పట్టుకుని దాటింది. కింద నల్లా దగ్గర మొహం కడుక్కుని, మళ్లీ ఎక్కి వచ్చింది.

పోలీసులు వచ్చినప్పుడు, మెట్లు పాతవి, జారి పడ్డాడని గడియారాల తాత చెప్పాడు. వారం తర్వాత దవాఖాన నుంచి వార్డుబాయ్ ఒక ప్లాస్టిక్ కవరులో జడ తెచ్చాడు. కవరు విప్పకుండానే వెనక్కి పంపేసింది. "ఆయనదే. ఆయనకే ఇయ్యి." భుజం సరిగా అతుక్కోలేదని, చెయ్యి పైకి లేవడం లేదని తర్వాత విన్నాం. మళ్లీ రాలేదు. ఆమె మళ్లీ జుట్టు పెంచలేదు.

ఫెస్టు రోజున ఆరు పావడాలూ స్టేజీ మీద నడిచాయి. ఆరోది తొడుక్కున్న అమ్మాయికి అందులో ఏం జరిగిందో మేం చెప్పలేదు. శిరీష ఆఖర్న నడిచింది. ముందు వరుసలో కూర్చున్న సీనియర్ ఒకడు లేచి, స్నేహితులను నవ్వించడానికి ఆమె తోక పట్టుకుని గుంజాడు. తోక వాడి చేతికి వచ్చింది, వాడు కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. శిరీష ఆగలేదు. బిగుతు లాగుతో చివరిదాకా నడిచి, తిరిగి వచ్చేటప్పుడు మాత్రం ఆగి, స్టేజీ దిగి, మడమతో వాడి చేతి మీద నిలబడింది. అందరూ అది షోలో భాగమే అనుకుని చప్పట్లు కొట్టారు.

మర్నాడు ఆ సంగతి చెప్పడానికి వెళ్లాం. మేడమ్ మిషను ఆపేసి విన్నది. చేతి మీద నిలబడిన భాగం ఆమెకు అక్కర్లేదు.

"ఎట్ల ఊడింది? సర్రున వచ్చిందా, ఆగి ఆగి వచ్చిందా?"

"సర్రున వచ్చింది మేడమ్."

"చప్పుడైందా?"

"పాటల్లో వినపడలేదు."

"కొక్కేలు వంగినయా, ఇరిగినయా?"

"వంగాయి."

"మళ్ల చెప్పు. మొదటికెళ్లి."

శిరీష మళ్లీ చెప్పింది. ఆమె కళ్లు మూసుకుని, వేలితో గాలిలో దారం లాగుతూ వింది.

ఆ తర్వాత నేను ఉద్యోగంలో పడి, ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలకు వచ్చినప్పుడు మాత్రం పైకి వెళ్లి కనపడేవాణ్ని. శిరీష ఎక్కువగా వెళ్లేది. పోయిన నెల కబురు చేసింది కూడా శిరీషే. నిద్రలోనే పోయిందట. అంత గోల చేసిన మనిషి చప్పుడు లేకుండా పోవడం నాకు నమ్మబుద్ధి కాలేదు.

చర్చి ఆడవాళ్లు తెల్లచీర తెచ్చారు. చీర కట్టొద్దని ఆమె శిరీషకు ముందే చెప్పి ఉంచింది. తన కోసమని కుట్టి పెట్టుకున్న పావడా రెక్కల వెనక వేలాడుతోంది. చాయ్ రంగుది. చక్రాలు లేవు, పట్టీలు లేవు, తోక మాత్రం ఉంది. శిరీషా ఇంకో ఇద్దరూ కలిసి తొడుగుతున్నారు. మనిషిని పక్కకు తిప్పి వెనక కుచ్చిళ్లు సర్దబోతూ శిరీష కాస్త బలంగా లాగింది. తోక మొత్తం చేతిలోకి వచ్చేసింది.

ఇదంతా సమాధుల తోట గేటు బయట చెప్పింది. మట్టి అంటిన చేతులు చున్నీకి తుడుచుకుంటోంది.

"ఒకావిడ సూదీ దారం ఇచ్చి, గట్టిగా డబల్ కుట్టు వెయ్యమ్మా, ఇంక విప్పేది లేదు కదా అంది."

"వేశావా?"

"లేదు. బస్తా కుట్టే వేశాను. కొస తోకకే కట్టాను."

"సరిగా పడిందా?" అన్నాను.

"గుంజి చూశాను" అంది. "సర్రున వచ్చింది. మళ్లీ వేశాను."